ఖాళీ గడి

కంప్యూటర్ మళ్లీ కీక్‌మంది.

"ఏమైంది బిడ్డా?" లస్మవ్వ ఉలిక్కిపడింది.

"ఒక గడి ఖాళీగున్నదట అవ్వా. ఒప్పుకుంట లేదు," అంది మనోరమ.

కరీంనగర్‌కు కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. లస్మవ్వ వరి నాట్లేస్తూ పాడే పాటలు పుస్తకంగా రాబోతున్నాయి; మనోరమ తమ కంప్యూటర్ సెంటర్‌లో వాటిని టైపు చేస్తోంది. పాట మొదలుకు ఒక గుర్తు, చివరకు ఒక గుర్తు, పాడినవారికి ఒక గడి, కట్టినవారికి ఒక గడి. ఏది తప్పినా తనిఖీ ప్రోగ్రాం మొండికేస్తుంది. ఫ్లాపీ ఏమో సాయంత్రం బస్సుకే హైదరాబాద్ అచ్చాఫీసుకు పోవాలి.

ఖానాపూర్ నుంచి లస్మవ్వకు తోడొచ్చిన ముసలాయన గుమ్మం బయటే కూర్చున్నాడు. దుమ్ము పడితే మిషన్ పాడవుతుందని చెప్పులన్నీ అక్కడే విడిచారు.

"తాతా, జర చెప్పులు చూస్తుండు. కుక్కలెత్తుకపోతయి," అని మనోరమే పని అప్పజెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు.

లోపల లస్మవ్వ పాడుతుంటే బయట ఆయన పెదాలు కదిలేవి. నవ్వొచ్చే చరణం ఇంకా రాకముందే నవ్వేవాడు. పిచ్చి తాత! మనోరమకు ముద్దొచ్చి ఛాయ్ పంపించింది.

"అవ్వా, గీ పాటలు కట్టిందెవరు?"

లస్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నోట్లెకెల్లి రాదు బిడ్డా."

"యాదికి లేదా?"

"యాదికి లేకేం!" గుమ్మం వైపు చూసి కిసుక్కున నవ్వింది. "గా బయట..."

"చెప్పుల ఫికర్ నీకెందుకవ్వా! తాత చూస్తుండు గద."

బస్సు వేళవుతోంది. మనోరమ గడులన్నిట్లో 'తెలియదు' అని కొట్టేసింది. కంప్యూటర్ కిమ్మనలేదు. అమ్మయ్య!

ముసలివాళ్లిద్దరినీ బస్టాండుకు వెంటబెట్టుకొచ్చి ఖానాపూర్ బస్సెక్కించి, ఆమె పార్సిల్ కిటికీ దగ్గరికి వెళ్లింది.

"పేరు?" గుమాస్తా అడిగాడు.

"మనోరమ."

"భర్త పేరు?"

మనోరమ ముసిముసిగా నవ్వి, భర్త పేరున్న సెంటర్ కార్డు ముందుకు తోసింది. పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు ఆమె పలికితే ఒట్టు.

"నోట్లెకెల్లి రాదామ్మా?" గుమాస్తా కూడా నవ్వాడు.

మనోరమ నవ్వు ఆగిపోయింది. ఓ నా తల్లీ!

"ఆగుండ్రి! గిది పంపకుండ్రి!" ఫ్లాపీ లాక్కుని పరుగెత్తింది.

"తాతా! నీ పేరేంది?"

ఖానాపూర్ బస్సు గేటు దాటుతోంది. ఆ చప్పుడులో ఆయనకేమీ వినబడలేదు. కిటికీలోంచి ఆమె కాళ్లకేసి చూసి, చెప్పులు భద్రమే కదా అన్నట్టు చల్లగా నవ్వాడు.

పొద్దంతా మనోరమ చెప్పులకు కాపలా ఉన్నాయన లస్మవ్వ పెనిమిటి, ఆ పాటలన్నీ కట్టినాయనే.