సొరంగంలో రైలు

బెర్నార్డ్ నడుపుతున్న బొమ్మరైలు సొరంగంలోకి వెళ్ళి బయటికి రాలేదు. ప్రదర్శన చూడ్డానికి చర్చి హాలుకొచ్చిన జనం తాడుకి అవతల మెడలు సాచారు.

"చెయ్యి పెట్టి లాగెయ్యవోయ్," అన్నాడు పక్క బల్ల మీద పోటీకి రైలు పెట్టిన ట్రెవర్ తియ్యగా. నలుగురిలో రైలుని చేత్తో ముట్టుకోవడం కంటే ప్యాంటు జారడం నయమని వాళ్ళిద్దరికీ తెలుసు.

ఈసారి పోటీలో కప్పు గెలవకపోతే పట్టాలన్నీ పీకేసి భోజనాల గది ఖాళీ చేస్తానని బెర్నార్డ్ భార్యకి మాటిచ్చాడు. ఆ భార్య మ్యూరియల్ ఎదురుగా నిలబడి కేకు తింటోంది.

"నవ్వుకో," అన్నాడతను. "నీ గది నీకొచ్చేస్తోంది."

ఆమె కేకు పళ్ళెం అతని చేతిలో పెట్టి, తాడు దాటి వచ్చి రైలు నడిపే మీట అందుకుంది. రైలుని కాస్త వెనక్కి నడిపి, ఒక్కసారిగా ముందుకి తోలింది. అది సొరంగంలోంచి బయటపడింది. జనం చప్పట్లు కొట్టారు.

"నీకెలా తెలుసు?"

"మంగళవారాలు నువ్వు క్లబ్బుకి పోతావు. నేను గోళ్ళు గిల్లుకుంటూ కూచుంటాననుకున్నావా?"

ఇన్నేళ్ళూ తను ఒంటరిగా ఆడుకుంటున్నాననుకున్నాడు బెర్నార్డ్.

"మరి గది?" అంటూ మీట కోసం చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు. "ముందు కేకు తిను. ప్లాట్‌ఫారం మీద నా ప్రయాణికులు ఎదురుచూస్తున్నారు."