ఏడొందల కిలోమీటర్ల అవతల

తొమ్మిదో రోజు పొద్దున, సరిగ్గా కొండ ఎక్కుతుండగా ఫోను మోగింది.

కళ్లజోళ్ల షాపాయన తొక్కడం ఆపలేదు. ఆపితే కెప్టెన్ ఊరుకోడు. పన్నెండు మంది, పన్నెండు రోజులు, తొమ్మిదొందల అరవై కిలోమీటర్ల సైకిలు యాత్ర. ముగిసేదాకా ఇల్లూ లేదు, వాకిలీ లేదు. అందరికీ పడక లాడ్జిలోనే. ఇంటి గుమ్మం తొక్కినవాడికి పతకం లేదు. ఇంటివాళ్లు వచ్చి కలవాలన్నా చివరి రోజే రావాలి. కెప్టెన్ మాటంటే రాతి మీద చెక్కినట్టే.

"చెప్పు" అన్నాడు రొప్పుతూ.

అవతల భార్య. "రేపు సాయంత్రం పాప స్కూల్లో నాటకం. తాబేలు వేషం. ఉన్నది ఒకే ఒక్క డైలాగు, దానికే వారం నుంచి ఇల్లు పీకి పందిరేస్తోంది. ఒక్క పావుగంట వచ్చి చూసిపోకూడదూ?"

"పావుగంటా! నేనెక్కడున్నానో తెలిసే మాట్లాడుతున్నావా? ఏడొందల కిలోమీటర్లు వచ్చేశాను!"

"తెలిసే అడుగుతున్నాను."

"కొండ మధ్యలో ఉన్నానే తల్లీ!"

"ముందు వరసలో మీకోసం కుర్చీ పట్టి ఉంచుతానంటోంది. మీరు రాకపోతే ఇక మీతో మాట్లాడదట."

"వీడియో తీసి పంపు" అని పెట్టేశాడు.

గుండెలో ఎక్కడో కలుక్కుమంది. అబద్ధమెందుకు, కూతురంటే ఆయనకి ప్రాణం. కానీ ప్రాణం ఎప్పుడూ ఉండేదే. పతకం మళ్లీ మళ్లీ వస్తుందా?

"ఇంట్లో కూర్చునేవాళ్లకి దూరమంటే ఏం తెలుస్తుందండీ" అన్నాడు పక్కనున్న పళ్ల డాక్టరుతో.

"మా ఆవిడా అంతే. వాళ్లమ్మకి జ్వరమట, ఒకసారి వచ్చి చూడమంటుంది. ఇంత దూరం నుంచి నేను చూసేదేమిటి?" అన్నాడు పళ్ల డాక్టరు.

బయల్దేరిన రోజు నుంచీ పళ్ల డాక్టరు ఆయన ఎడమ పక్కనే ఉన్నాడు. జానెడు ముందుకి పోలేదు, జానెడు వెనకబడలేదు. స్నేహమంటే అదీ.

యాత్రంటే మాటలా? ఎదురుగాలి రోజూ ఒకే తీరుగా మొహాన కొడుతోంది. కూర్చునే చోట పచ్చిపుండయింది. చెమట మడుగులు కడుతోంది. అయినా ఇన్ని రోజుల్లో ఒక్క పంక్చరు పడలేదు, ఒక్క కుక్క వెంటపడలేదు. అంతా కెప్టెన్ ఏర్పాట్ల చలవ.

పదో రోజు సాయంత్రం, ఆ రోజు వంతులో ఇంకా పద్నాలుగు కిలోమీటర్లు మిగిలుండగా ఎక్కడో మైకు మోత మొదలైంది. వెనకాలే చప్పట్లు.

"ఎంత దూరం పోయినా ఈ మైకుల గోల తప్పదు కదా!" అని విసుక్కుని, తలొంచుకుని తొక్కాడు.

ఇంటి నుంచి వీడియో రాలేదు. ఆయనా అడగలేదు.

పన్నెండో రోజు. చివరి కిలోమీటరు. ఇంటివాళ్లంతా ఓ పక్కన బారుగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఆయన పళ్లు బిగించి, వీరుడిలా తొక్కాడు. కెప్టెన్ ఈల ఊదాడు. దిగి నేల మీద కాలు పెట్టాడు. మెళ్లో పతకం పడింది. పళ్ల డాక్టరు వాటేసుకుని, "ఎంత దూరం వచ్చేశామండీ!" అని భోరుమన్నాడు.

భార్య తువ్వాలు అందించింది. చిక్కిపోయారండీ అంటుందేమోనని ఒక్క క్షణం చూశాడు. అనలేదు.

ఆయన పాప ముందు గొంతుకూర్చుని, పతకం తీసి దాని మెళ్లో వెయ్యబోయాడు. పాప ఒక అడుగు వెనక్కి వేసింది.

"నీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. చివరిదాకా నా బ్యాగే పెట్టి ఉంచాను."

"నాన్న చాలా దూరంలో ఉన్నాడమ్మా. రాగలిగితే రానా, చెప్పు?"

పాప వెళ్లి తల్లి కొంగు పట్టుకుంది.

"ఏదీ, ఆ డైలాగేదో నాకు ఒక్కసారి చెప్పు బంగారం."

పాప తల్లి వైపు చూసింది. తర్వాత, పాఠం అప్పగించినట్టు చెప్పింది. "నెమ్మదిగా నడిచినా, చేరాల్సిన చోటికి చేరాను."

"శభాష్! అచ్చం మీ నాన్నే!" ఆయన కళ్లు చెమర్చాయి.

అంతలో ఊడ్చే ఆవిడ చీపురుతో లోపలికొచ్చి గోడకున్న స్విచ్చి కట్టేసింది. తెర మీద రోడ్డు ఆరిపోయింది, ఫ్యాను ఆగింది, చక్రాల్లేని పన్నెండు సైకిళ్ల మధ్య నుంచి పాప నడిచివెళ్లి, కిటికీ పరదా పక్కకి లాగి, వీధికి అవతల తన బడినీ, ఆవరణలో ఇంకా విప్పని స్టేజీనీ నాన్నకి చూపించింది.