వెనక పట్టిన వెలుగు

అమ్మాయి కెమెరా నొక్కగానే వేదిక వెనక మరో మెరుపు మెరిసింది.

ఆస్పత్రి హాల్లో పెద్ద నర్సు ఉద్యోగ విరమణ సభ జరుగుతోంది. తోటి నర్సులు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన నిలబడి ఫొటో దిగుతున్నారు.

“మా అబ్బాయి ఫొటో మీ నాన్నగారే తీశారమ్మా,” అంది పెద్ద నర్సు. “జుట్టు మీద, భుజాల మీద సన్నగా వెలుగు గీత గీసినట్టుండేది. పిల్లాడు తెరలోంచి ఇవతలికొచ్చి నిలబడ్డాడా అనిపించేది. నన్నూ అలా తియ్యాలి మరి.”

అమ్మాయి నవ్వి కెమెరా సరిచేసుకుంది.

నాన్న చేతులు వణకడం మొదలయ్యాక స్టూడియో ఆమె చేతికొచ్చింది. ఆ వెలుగు మాత్రం రాలేదు. కిటుకు చెప్పమని ఎన్నిసార్లడిగినా ఆయనది ఒకటే జవాబు.

“అది నా చేతిలో లేదమ్మా.”

తల్లీ తండ్రీ తానే అయి పెంచిన మనిషి, ఇదొక్కటే ఎందుకు దాస్తున్నాడో ఆమెకు అంతుపట్టేది కాదు.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ వెనకనుంచి మెరిసింది.

విసుగ్గా వేదికెక్కి చూసింది. ముదురు నీలం తెర అంచు చాటున, స్టూలు మీద తల నెరిసిన ఆవిడెవరో కూర్చుని ఉంది. చేతిలో పాత ఫ్లాష్. బ్యాటరీల మూత ఊడకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

“కెమెరా ఏది పెద్దమ్మా?”

“దీనికి కెమెరా అక్కర్లేదమ్మా. ఎక్కడన్నా ఇంకో ఫ్లాష్ వెలిగితే చాలు. దాన్ని చూసి ఇదీ వెలుగుతుంది.”

“బాగుంది. పిలవని పేరంటానికొచ్చినట్టు.”

నర్సులు నవ్వారు. ఆవిడా నవ్వింది.

“నా ఫొటోలు పాడవుతున్నాయి. మీరు కాస్త బయట కూర్చోండి.”

ఆవిడ ఫ్లాష్ ఆపేసింది. అమ్మాయి ముఖంలోకి తనివితీరనట్టు చూసింది.

“పాడవ్వవులే,” అని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

స్టూడియోకొచ్చి ఫొటోలు తెరిచిన అమ్మాయి మొదటిదాని దగ్గరే ఆగిపోయింది.

పెద్ద నర్సు జుట్టు చివర్లన్నీ వెలుగుతున్నాయి. భుజం మీద సన్నటి గీత.

“నాన్నా, ఇలా రా. వచ్చింది.”

గబగబా మిగతావి చూసింది. ఆవిడ ఉన్నంతసేపు తీసిన వాటిలో వెలుగుంది. ఆవిడ వెళ్ళాక తీసిన వాటిలో మనుషులు తెరకు అతికించిన బొమ్మల్లా ఉన్నారు.

నాన్నతో ఇంకో మాట లేకుండా ఆస్పత్రికి పరిగెత్తింది. హాల్లో కుర్చీలు మడుస్తున్నారు.

“ఫ్లాష్ పట్టుకున్న ఆవిడా? గేటు దగ్గర చాలాసేపు కూర్చుందమ్మా,” అన్నాడు వాచ్‌మన్. “నువ్వు అన్నం తిన్నావో లేదో అడిగింది. తిన్నదని చెప్పాక బస్సెక్కింది.”

“ఏ బస్సు?”

“చూళ్ళేదమ్మా.”

“ఆవిడెవరో మీకు తెలుసా?”

“అదేంటి? నీతో వచ్చిందనుకున్నామే.”

అమ్మాయి తిరిగొచ్చేసరికి నాన్న ఇంకా ఆ ఫొటో ముందే కూర్చుని ఉన్నాడు. వణికే వేలితో వెలుగు గీతను తడుముతున్నాడు.

“పంపించేశాను నాన్నా. నవ్వులపాలు చేసి మరీ పంపించేశాను. ఎవరో ఏమిటో అడగనన్నా లేదు. ఒక్కసారి కనిపిస్తే కాళ్ళు పట్టుకుని నేర్చుకుందును.”

నాన్న తల తిప్పలేదు.

“ఎలా ఉంది మనిషి?”

“సన్నగా ఉంది. తల బాగా నెరిసింది.”

“నెరిసిందా,” అన్నాడాయన, వేలు ఆ గీత మీదే ఉంచి. “ఎప్పుడూ మనుషుల వెనకే నిలబడి వెలుగు పట్టేది తల్లీ, అందుకే నీకు చూపించడానికి మీ అమ్మ ఫొటో ఒక్కటీ లేదు నా దగ్గర.”