ముందు, తర్వాత

ఆ రెండు ఫోటోల్లో ఉన్నది ఒకే మనిషి అంటే పిన్ని నమ్మలేదు.

క్రీముల షాపు అద్దాల తలుపుకి అంటించి ఉన్నాయవి. ఎడమవైపు ఫోటోలో ఒక అమ్మాయి, మొహం నిండా ఎర్రటి మొటిమలు. కింద 'ముందు' అని రాసుంది. కుడివైపు ఫోటోలో నున్నటి బుగ్గలతో నవ్వుతోంది. కింద 'తర్వాత'.

"అక్కాచెల్లెళ్లయి ఉంటారే. పక్కా మోసం ఇది," అంది పిన్ని. పోలీసు శాఖలో వేలిముద్రలు పోల్చి పోల్చి రిటైరైన మనిషి. ఇంట్లో పాలు పొంగిపోయినా అందర్నీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తుంది.

ఆమె అక్క కూతురు మాత్రం ఆ ఫోటోలనే ఆశగా చూస్తోంది. కళ్లజోళ్ల షాపులో దాని ఉద్యోగం. చుట్టూ అద్దాలే. పైగా మొన్న ఒక పెద్దాయన కొత్త జోడు పెట్టుకుని దాని వైపు తిరిగి, "అయ్యో, దోమలు బాగా కుట్టినట్టున్నాయే తల్లీ," అన్నాడు. అంతవరకూ ఆయనకి సరిగ్గా కనపడలేదు మరి. ఆ సాయంత్రమే అది, తనని వెనక గదిలో లెన్సులు అరగదీసే పనికి మార్చమని ఓనర్ని అడిగేసింది.

చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేదని కాదు.

"చర్మంలో నూనె ఎక్కువై రంధ్రాలు మూసుకుపోతాయి. అందులో క్రిములు పెరిగి వాపొస్తుంది. హార్మోన్లు దానికి తోడు," అని చెప్పిందావిడ. "సబ్బుతో తెగ రుద్దితే పోయేది కాదు. రాత్రిళ్లు ఈ మందు పల్చగా రాయి. గిల్లకు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఈలోగా ఊరూ పేరూ లేని క్రీములేవీ పూయకమ్మా, కొన్నింట్లో ఏం కలుపుతారో మాకే తెలీదు."

నెలలా? క్రీముల షాపాయన వారం అంటున్నాడు. పక్కవాడి గిరాకీ చూసి డాక్టరమ్మకి కుళ్లు అనుకుందది.

"కొనుక్కుందువుగానీ, ముందు నన్ను చూడనీ," అని పిన్ని కళ్లజోళ్ల షాపు నుంచి భూతద్దం తెప్పించుకుంది. దాంతో తలుపుకి ముక్కు ఆనించి నిలబడింది.

షాపాయన బయటికొచ్చాడు. కోప్పడతాడనుకుంటే స్టూలు తెచ్చి వేశాడు.

"కూర్చుని తీరిగ్గా చూడండమ్మా. దిద్దిన ఫోటోలు కావు. ఒకే అమ్మాయి. నా క్రీము తప్ప ఇంకేదీ మొహానికి తగలనివ్వలేదు. మా అమ్మ మీద ఒట్టు."

చెవి తమ్మె కింద పుట్టుమచ్చ. రెండింట్లోనూ ఉంది. ఎడమ కనుబొమ్మని చీల్చిన సన్నటి గాటు. అదీ ఉంది. చెవి మడతలతో సహా అచ్చు గుద్దినట్టున్నాయి. పిన్ని ఒట్లు వేసేవాళ్లని చాలామందినే చూసింది. కానీ ఈయన మొహంలో తొట్రుపాటు వెతికినా దొరకలేదు.

భూతద్దం దించింది.

"ఒకే మనిషి," అంది, చేదు మాత్ర మింగినట్టు.

ఆ మాట ఇంకా పూర్తి కాకముందే అక్క కూతురు డబ్బా కొనేసింది.

పాత మందు మానేస్తున్నానని చెప్పి రావడానికి మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరింది. సీలు తీయని డబ్బా సంచిలోనే ఉంది. తోడుగా పిన్ని. అక్కడ బయటి గదిలో బెంచీ మీద వాళ్ల పక్కన మాస్కు వేసుకున్న అమ్మాయి ఒకతె కూర్చుని ఉంది. జుట్టు వెనక్కి తోసుకుందో లేదో, పిన్ని మోచేత్తో అక్క కూతుర్ని పొడిచింది.

పుట్టుమచ్చ. గాటు.

"క్రీముల షాపు తలుపు మీద ఫోటో నీదే కదమ్మా?" అంది పిన్ని.

ఆ అమ్మాయి ఉలిక్కిపడి, నెమ్మదిగా తలూపింది.

అక్క కూతురు ఆత్రంగా దగ్గరికి జరిగింది. "నిజంగా ఆ క్రీముతోనే అలా అయ్యారా?"

"దాంతోనే. వారమే పట్టింది."

పిన్ని నిట్టూర్చింది. ఇక ఈ కేసు మూసేయడమే.

"మరి అంత చక్కగా తయారయ్యాక డాక్టరుతో పనేంటండీ?" అంది అక్క కూతురు.

ఆ అమ్మాయి మాస్కు కిందికి లాగింది.

"ఇంకాస్త నిగారింపు కోసమని ఆ షాపుకి వెళ్లానండీ. ఫోటోలు రెండూ నావే, కింద రాసిన మాటలే ఆయన అటూ ఇటూ మార్చాడు."