కట్టయ్య కోసం గాలింపు

"కట్టయ్య ఎక్కడున్నాడో చెప్పు!"

ఇన్‌స్పెక్టరు లాఠీతో బల్ల మీద కొట్టాడు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ దానియేలు ఉలిక్కిపడ్డాడు. నిజాం రాజ్యం పోయింది, యూనియన్ పోలీసులొచ్చి కొడకండ్లలో క్యాంపు పెట్టారు. సంఘపోళ్లని పేరుపడ్డ కమ్యూనిస్టుల వేట మాత్రం ఆగలేదు. ఈ క్యాంపులోకి వచ్చినవాళ్లలో తమ కాళ్ల మీద నడిచి బయటికి పోయినవాళ్లు తక్కువ.

"ఏ కట్టయ్య సార్?"

"మేస్త్రీని ఇనపకడ్డీతో కొట్టి, కడుపుతో ఉన్న పెళ్లాన్ని వెంటబెట్టుకుని పారిపోయాడే, వాడు. నా జవాన్లు చుట్టుపక్కల ఊళ్లన్నీ గాలించారు. ఆ పేరుతో ఇద్దరు ముసలాళ్లు దొరికారు గానీ వాడు దొరకలేదు."

దానియేలుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఆయన దొరకడు సార్. ఆయన పుస్తకంల ఉన్నడు."

"అబద్ధం సార్!" గోడవారన నిలబడ్డ దొర గుమాస్తా శ్రీశైలం ముందుకొచ్చాడు. "ఈ పిలగాడు మిషను బడిల పంతులు. సెలవులియ్యంగనే దొర చెల్కల కైకిలి కూలికొచ్చిండు. పల్లికాయ తెంపుకుంట ఆడోళ్లకు రోజూ గదే ముచ్చట. కట్టయ్య భూమి గుంజుకున్నరట. పెండ్లాం గంగిని తీస్కొని దేశం మీద పడ్డడట. పల్లికాయ జోకేకాడ మేస్త్రీ తూకంల మోసం జేస్తే కొట్టిండట. ఇప్పుడు కూలోళ్లు ఒక గుడిసెకెల్లి ఇంకో గుడిసెల దాస్తున్నరట. నా చెవులార ఇన్న సార్."

దానియేలు సంచిలోంచి అట్ట ఊడిన లావుపాటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. మిషను దవాఖానలో ఉండే అమెరికా దొరసాని చదివి ఇచ్చిన నవల.

ఇన్‌స్పెక్టరు మద్రాసు వైపు మనిషి, ఇంగ్లీషు వచ్చినవాడు. పేజీలు తిప్పాడు.

"ఇందులో కట్టయ్య ఏడీ?"

"గీయన సార్." దానియేలు ఒక పేరు మీద వేలు పెట్టాడు. "అసలు పేరు చెప్తే ఆడోళ్లు నవ్విన్రు. అందుకే కట్టయ్య అన్న."

"ఇక్కడ కోస్తున్నది నారింజ పండ్లు కదయ్యా! పల్లికాయ అని ఎందుకు చెప్పావు?"

"వాళ్లు నారింజతోట ఎన్నడు చూడలె సార్. పల్లికాయ అంటెనే తెలుస్తదని."

"రాసినవాడెవడు?"

"అమెరికా ఆయనే సార్. కూలోళ్లతోని తోటల్ల తిరిగి, వాళ్ల డేరాల్ల పండుకొని రాసిండట. సొంతూరోళ్లే ఈ పుస్తకం కాలబెట్టిన్రని దొరసానమ్మ చెప్పింది."

"అక్కడ కూడా సంఘపోడనే అన్నారా?"

దానియేలుకు అబద్ధమాడటానికి మనసొప్పలేదు. "అన్నరట సార్."

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూశాడు. "నువ్వు చెప్పేది కథే అయితే విన్నవాళ్లకూ తెలియాలి కదా. ఆ కూలీల్లో పెద్దదాన్ని తీసుకురండి. నువ్వు నోరు మెదిపావంటే ఊరుకోను."

మానుకోట దిక్కు నుంచి పనికొచ్చిన ముఠాకు పెద్ద లచ్చమ్మ. జవాను వెంట ఆమె రావడం దానియేలు చూశాడు. ఆ కథకు అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆమే. భయపడి ఒక్క మాట అటూ ఇటూ అన్నదంటే తన పని అయిపోయినట్టే.

"కట్టయ్య ఎవడు?" ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

లచ్చమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "పుస్తకంల మనిషి దొరా. సముద్రం అవుతల, అమెరికల ఉంటడట."

"నువ్వు చూశావా?"

"గంత దూరం నేనెట్ల పోత? మానుకోటకెల్లి ఈడికొచ్చుడే నాకు పెద్ద పయనమాయె."

జవాన్లు నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

"కథే అయితే ఏడుపెందుకు?"

"కడుపుతోని ఉన్న పిల్ల ఎండల నడుస్తున్నదంటే ఏడుపు రాదా దొరా? మీ ఇంట్ల ఆడపిల్లలు లేరా?"

దానియేలు కళ్లు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు శ్రీశైలం వైపు తిరిగాడు.

"అమెరికాలో ఉన్నవాడి కోసం నా జవాన్లను వాగుల వెంట తిప్పుతావా? పో అవతలికి!" గుమాస్తా గోడ పట్టుకుని జారుకున్నాడు. "మీరిద్దరూ పోండి. పుస్తకం మాత్రం ఇక్కడే ఉంటుంది."

"సార్, అది దొరసానమ్మది..."

"కాల్చనులేవయ్యా. చదివి ఇస్తాను."

బయట ఎండ మండిపోతున్నా దానియేలుకు చల్లగా అనిపించింది. లచ్చమ్మతో కలిసి క్యాంపు కంచె దాటి మోటబావి దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా నడిచాడు. కడుపారా నీళ్లు తాగి, ముఖం కడుక్కుని, బావి ఒడ్డున కూలబడ్డాడు. ఇంటికి పోతున్నాడు. తన కాళ్ల మీదే పోతున్నాడు. ఆ మాట పదే పదే మనసులో అనుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అవ్వా, నువ్వు జర తడబడి ఉంటే నేనిక బతుకుదునా," అన్నాడు. "ఎంత మంచిగ చెప్పినవ్!"

లచ్చమ్మ వెనక్కి తిరిగి చూసింది. దారి మీద ఎవరూ లేరు. అతని పక్కన కూర్చుని, తడిసిన తల కొంగుతో తుడిచి, చెవి దగ్గరికి వంగింది.

"నేను చెప్పిందేముంది కొడుకా? అమెరికా అని, పేర్లు మార్చి చెప్పి నువ్వే మంచి పని జేసినవ్. పొద్దుగాలనే ఆ కడుపుతోని ఉన్న పిల్లను, ఆమె మొగన్ని, ఇద్దర్ని మా గుడిసెకెల్లి మానుకోట దిక్కు దాటిచ్చినం."