సొరకాయల కింద కార్బ్యురేటర్

మామగారు భోంచేసి గుర్రు పెట్టగానే అల్లుడు షెడ్డులోకి దూరాడు. ఆయన పాత కారుకి వెనకవైపున్న ఇంజన్ మూత ఎత్తి కార్బ్యురేటర్ ఊడబీకాడు. దాని చోట కొత్తది బిగించాడు. పాతదాన్ని గుడ్డలో చుట్టి, సంచి అడుగున పెట్టి, పైన అత్తగారి పెరట్లో కాసిన సొరకాయలు పేర్చాడు.

ఇది మొదటిసారి కాదు. కిందటి ఆదివారం ఇంజన్ ఫ్యాను. అంతకుముందు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్. అంతకుముందు ఇంజన్ మీదికి గాలి మళ్లించే రేకు తొడుగు. దాన్ని దాచడానికి పెరట్లో గుమ్మడికాయలన్నీ కోయాల్సొచ్చింది.

దొంగతనానికి కారణం పౌరుషం. అల్లుడు మెకానిక్. మామగారు పాత కార్ల క్లబ్బుకి పెద్ద. పెళ్లయిన నాటి నుంచీ ఆయన నలుగురిలో అతన్ని 'పంచర్ అల్లుడు' అనే పరిచయం చేస్తాడు. కదలనిదానికి కాపలా కాసేవాడు పెద్దమనిషి, కదిలించేవాడు పంచర్. లోకం తీరే అంత.

నన్నూ క్లబ్బులో చేర్చుకోండి మామయ్యా అని ఒకసారి అడిగితే ఆయన పందెం కట్టాడు.

"నా కారు కాలంనాటి రేసు ఇంజన్ ఒకటి కట్టి ప్రదర్శనలో పెట్టు. నీళ్లతో పనిలేకుండా గాలికే చల్లబడే రకం. ప్రతి ముక్కా ఆనాటిదే అయ్యుండాలి. ఒక్క కొత్త బోల్టు కనపడిందా, జన్మలో నా గడప తొక్కకు."

అది నడవనక్కర్లేదట. స్టాండు మీద కూర్చుంటే చాలట. నడవని ఇంజన్‌కి పోటీ, దానికో కప్పు. చచ్చిన గుర్రానికి జూలు దువ్వినట్టుంది వ్యవహారం. అయినా అల్లుడు పంతం పట్టాడు. పాతసామాన్ల కొట్లో ఇంజన్ పెట్టె దొరికింది, సిలిండర్లు దొరికాయి. మిగతావి ఎంత తిరిగినా ఎక్కడా దొరకలేదు, మామగారి కారులో తప్ప.

ఆ కారు అత్తగారి తండ్రిది. ఆయన పోయాక మామగారి చేతికొచ్చింది. వచ్చిన రోజే షెడ్డులో పెట్టి తాళం వేశాడు. ఇది చూడ్డానికే గానీ తిరగడానికి కాదంటాడు. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో పైపైన తుడుస్తాడు. మూత మాత్రం ఎత్తడు, చేతులకు మసి అవుతుందని. అత్తగారు మోకాళ్లు పట్టుకుని బజారుకు నడిచే వెళ్తుంది.

కాబట్టి దొంగకు భయం లేదు. ఉన్న ఇబ్బందల్లా తన చేతులతోనే. దొంగ అన్నవాడు ఊడబీక్కుని పోవాలి. ఇతను కొత్త ముక్క పెట్టి, పాయింట్ల గ్యాపూ టైమింగూ సరిచూసి, పెట్రోలు గొట్టం కడిగి, జిడ్డుకట్టిన ఆయిలు తీసేసి కొత్తది పోసేవాడు. పని వదులుగా వదిలేస్తే అతనికి నిద్ర పట్టదు. ఎవడూ నడపని కారుకి ఎందుకురా అని తిట్టుకుంటూనే చివరికి బ్యాటరీ కూడా మార్చాడు.

అదృష్టం కూడా కలిసొచ్చింది. షెడ్డు తాళంచెవి వంటింటి మేకుకే వేలాడేది. అత్తగారు మామగారికి కొసరి కొసరి వడ్డించేది. ఆయన చెయ్యి కడుక్కుంటూనే తూగేవాడు. తర్వాత ఆవిడ రేడియో గట్టిగా పెట్టుకుని గిన్నెలు తోముకునేది. సంచి మొయ్యలేక మోస్తూ అల్లుడు గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అనేది:

"ఈసారి ఇంకా పెద్ద సంచి తెచ్చుకో బాబూ, కాపు బాగుంది. మొదలుపెట్టినవాడివి మొత్తం కోసుకుపో. సగంలో వదిలెయ్యకు."

పిచ్చితల్లి, అనుకునేవాడు అల్లుడు.

ప్రదర్శన రోజు హాలు మధ్యలో, స్టాండు మీద ఇంజన్ కూర్చుంది. మామగారు భూతద్దం పట్టుకుని దాని చుట్టూ తిరిగాడు. రేకు తొడుగు మీద సొట్ట దగ్గర ఆగిపోయాడు. వేలితో తడిమాడు.

"ఇలాంటి సొట్టే నా కారు ఇంజన్‌కీ ఉందని మా మామగారు చెప్పేవారు," అన్నాడు.

అల్లుడి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఆ కాలం తొడుగులన్నీ ఇక్కడే సొట్టపడేవన్నమాట. అసలు సరుక్కి ఇదే గుర్తు."

ప్రతి ముక్కా నిఖార్సయినదని, తన కారు తర్వాత ఇంత అసలైనది మరొకటి లేదని అందరికీ ప్రకటించాడు. 'పంచర్' అన్న మాట మింగేసి, కప్పు అల్లుడి చేతిలో పెట్టాడు. అక్కడితో ఊరుకుంటే ఆయన మామగారెందుకవుతాడు? తన కారు తెప్పించి ఈ ఇంజన్ పక్కన నిలబెడతానన్నాడు. మూత ఎత్తించి, అసలంటే ఏమిటో జనానికి చూపిస్తానన్నాడు. తాడు కట్టి లాక్కురమ్మని ఇద్దరు సభ్యుల్ని ఇంటికి తరిమాడు.

మూత ఎత్తితే లోపల తళతళలాడే కొత్త సామాను. కప్పూ పోతుంది, గడపా పోతుంది, ఆపైన పోలీసులు. అంత విలువైన కారుని రోడ్డు మీద ఈడిస్తే పాడైపోతుందని అల్లుడు చెప్పిచూశాడు. మామగారు చెవినపెట్టలేదు.

కాసేపటికి వీధిలో గడగడమని శబ్దం. అందరూ తలలు తిప్పారు. అల్లుడు మాత్రం కళ్లు మూసుకున్నాడు. నాలుగు సిలిండర్లూ ఒకే గొంతుతో పలుకుతున్నాయి. ఆ టైమింగు తను పెట్టిందే.

కారు దానంతటది వచ్చి గుమ్మం ముందు ఆగింది. వెనక సీట్లో తాడు చుట్టచుట్టి ఉంది. దాని పక్కన సభ్యులిద్దరూ నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. స్టీరింగు ముందు అత్తగారు.

మామగారు భూతద్దం పెట్టి పెళ్లాన్ని చూశాడు. ఇదెలా నడుస్తోందే అన్నాడు.

ఆవిడ పెళ్లికి ముందు తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న చేత్తో, తడుముకోకుండా గేరు తప్పించింది. హారన్ నొక్కింది. అది జలుబు చేసిన పిల్లిలా మూలిగింది. కిటికీలోంచి తల బయటపెట్టి అల్లుణ్ని దగ్గరకు పిలిచింది.

"హారన్ ఒక్కటే పాతది మిగిలిపోయింది బాబూ. వచ్చే ఆదివారం పెద్ద సంచి తేనక్కర్లేదులే, అది చిన్నదాంట్లోనే పడుతుంది."