తలుపు మూసే గీత

"తప్పు. మళ్ళీ రాయి," అంది మిసెస్ లిన్.

డేజీ కుంచె బల్లమీద పెట్టేసింది. "ఇప్పుడేం తప్పు గ్రానీ? అన్ని గీతలూ ఉన్నాయి కదా!"

"ఉన్నాయి. వరస లేదు." ముసలామె వేళ్ళు డేజీ మణికట్టు మీదే ఉన్నాయి. పాఠం అయ్యేదాకా అక్కడినుంచి కదలవు. "ఇది దేశం అన్న అక్షరం. చుట్టూ గోడ, లోపల మనుషులు. ముందు మూడు పక్కలా గోడ కట్టు. మనుషుల్ని లోపలికి రానియ్యి. ఆ తర్వాత కింద గీత గీసి తలుపు మూయి. నువ్వు ఎవరూ రాకముందే మూసేశావు."

దక్షిణాఫ్రికాలో ఎస్ట్‌కోర్ట్ అనే ఊళ్ళోని స్వెట్టర్ల ఫ్యాక్టరీ మిసెస్ లిన్ కొడుకుది. అన్ని జాతులవాళ్ళూ కలిసి మొదటిసారి ఓటేసే ఎలక్షన్లలో గొడవలవుతాయన్న భయంతో తైవాన్ సూపర్‌వైజర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. చైనా అక్షరాలు చదివి, తైపే ఆఫీసుకి రిపోర్టులు రాయగల మనిషి కావాలి. అల్లిక మిషన్ మీద పనిచేసే డేజీ తాను నేర్చుకుంటానంది. "మా అమ్మ బడిపంతులమ్మ. ఆవిడ సరేనంటే సూపర్‌వైజర్ పని నీదే," అన్నాడు లిన్. సూపర్‌వైజర్లు కూర్చునే గాజుగదిలో ఇంతవరకూ డేజీలాంటి స్థానిక పనివాళ్ళు ఎవరూ కూర్చోలేదు.

"సిరా ఆరిపోయాక ఏ గీత ముందో ఏది వెనకో ఎవరికి తెలుస్తుంది?" అంది డేజీ.

"నాకు తెలుస్తుంది."

డేజీకి ఒళ్ళు మండింది. చెయ్యి విదిలించుకుంది. "నన్ను దొంగని పట్టుకున్నట్టు పట్టుకోకండి. నేను రాస్తాను, మీరు చూడండి. చాలు."

మిసెస్ లిన్ చెయ్యి బల్లమీద ఒంటరిగా ఉండిపోయింది. డేజీ కొత్త కాగితం లాక్కుని, ఒద్దిగ్గా, తన ఇష్టం వచ్చిన వరసలో రాసింది. అంత అందంగా ఆమె ఎప్పుడూ రాయలేదు. కాగితం ఎత్తి ముసలామె ముందు పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పండి."

మిసెస్ లిన్ మొహం కిటికీ వైపే ఉంది. "తలుపు ఎప్పుడు మూశావు?"

"ఎప్పుడు మూస్తే ఏం? అక్షరం బాగుందా లేదా?"

"వరస చెప్పకపోతే తప్పే."

కనీసం కాగితం వైపైనా తిరగలేదు! డేజీ దాన్ని ఉండచుట్టి బల్లమీద పడేసింది. "మీ దేశం మీరే రాసుకోండి. మాకు వరసలు నేర్పిన తెల్లదొరలు చాలామంది అయ్యారు ఇక్కడ. ఇంక చాలు." వెనక్కి చూడకుండా వచ్చేసింది.

సంగతి విని ఆమె భర్త విల్‌ఫ్రెడ్ తల పట్టుకున్నాడు. "హాయిబో, ఎంత పని చేశావు డేజీ! పెద్దామె ముందు అట్టా విసిరికొడతావా? పోయి సారీ చెప్పు, మాన్."

"నేను పోను. ఆమెకి గర్వం."

కానీ ఆదివారం చర్చిలో పాట పాడుతున్నా డేజీ మనసు పాటలో లేదు. బల్లమీద మిగిలిపోయిన ఆ చెయ్యే కళ్ళముందు ఆడింది. సోమవారం డ్యూటీ దిగి, డబ్బానిండా గారెలు పట్టుకుని లిన్ ఇంటికి వెళ్ళింది.

గేటు తీసే ఉంది. గుమ్మంలో ఖాళీ పెట్టెలు. లిన్ భార్య ఎదురొచ్చింది.

"గ్రానీ ఉన్నారా?"

"పొద్దున్నే ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయింది. ఎలక్షన్లయ్యేదాకా ఇక్కడ వద్దని మా ఆడపడుచు తైపే తీసుకెళ్ళింది. ఇంక తిరిగిరాదేమో." ఆమె డబ్బా అందుకుంది. "నీ పేరు చెప్పే వెళ్ళింది. సూపర్‌వైజర్ పని నీకే ఇమ్మని మా ఆయన్ని ఒప్పించింది."

డేజీకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"మరి ఆ రోజు తప్పన్నారు కదా," అంది. "ఒక్కసారి చూసి, బాగుందని ఒక్క మాట అంటే నేను అంత మాట అనేదాన్నా?"

లిన్ భార్య డబ్బా పక్కన పెట్టింది.

"ఎవరికీ చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టు వేయించుకుంది, డేజీ. ఈ దేశంలో అడుగుపెట్టేసరికే అత్తయ్యకి చూపు పూర్తిగా పోయింది. నీ చెయ్యి పట్టుకుంటేనే ఆవిడకి అక్షరం కనిపించేది."